అంచు దాటని పుండు: షుగర్ పాదంలో కొల్లాజెన్, కణాల నడక (కేస్ స్టడీ)

(మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాం.)

రోగి 58 ఏళ్ల రైతు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లె. నాలుగెకరాల బత్తాయి తోట, కొంత పత్తి. షుగర్ బయటపడి 13 ఏళ్లు. రెండు రకాల మాత్రలు వాడుతున్నాడు, అవీ గుర్తున్న రోజు. కుడి అరికాలిలో, బొటనవేలి మొదటి కీలు కింద 14 వారాలుగా పుండు. తుమ్మ ముల్లు చెప్పులోంచి దిగింది, నొప్పి తెలియలేదు. గచ్చు మీద రక్తపు మరకలు చూసి భార్య చెబితే అప్పుడు తెలిసింది.

అంతకుముందు జరిగిన వైద్యం ఇదీ: ఊళ్లో రోజూ కట్టు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో నురగ వచ్చేలా కడగడం, దాని మీద పొవిడోన్ అయోడిన్ చిక్కగా పోయడం, పొడి గాజ్ అద్దడం, తెల్లారి దాన్ని పీకడం. మధ్యలో మూడు కోర్సుల యాంటీబయాటిక్, రెండుసార్లు కొల్లాజెన్ (చర్మానికి బలమిచ్చే ప్రోటీన్) పొడి, ఒకసారి కొల్లాజెన్ షీటు. షీటు వేసిన మర్నాటికే కనిపించలేదట. "ఒంట్ల కలిసిపోయింది అన్నరు సార్" అని చెప్పాడు. ఈ మాట గుర్తుంచుకోవాలి. కేసు సగం ఇందులోనే ఉంది.

చూసినవి

పుండు కొలత 3.2 × 2.6 సెం.మీ., అంటే సుమారు 8.3 చ.సెం.మీ. లోతు 4 మి.మీ. గడియారం ముల్లు ప్రకారం 11 నుంచి 2 మధ్య అంచు కింద 6 మి.మీ. బోలుగా ఉంది. అడుగున సగానికి పైగా పసుపు పొర, మిగతాది పాలిపోయిన గులాబీ రంగు. చుట్టూ తెల్లటి, గట్టి ఆనె. అంచు పుండులోకి వాలకుండా, చపాతీ అంచు మడిచినట్టు లోపలికి చుట్టుకుపోయి గుండ్రంగా, నున్నగా ఉంది.

చీలమండ-చేయి రక్తపోటు నిష్పత్తి 1.12. షుగర్ ఉన్నవాళ్లలో ధమనులు సున్నం పట్టి ఈ అంకె అబద్ధం చెబుతుంది కాబట్టి కాలి వేలిలో రక్తపోటు కూడా చూశాం: 68 మి.మీ. పాదరసం. మానడానికి సరిపడా రక్తం వస్తోంది. 10 గ్రాముల మోనోఫిలమెంట్ (స్పర్శ చూసే నైలాన్ పోగు) అరికాలిలో ఎక్కడ నొక్కినా తెలియలేదు. స్టీలు ప్రోబ్ ఎముకను తాకలేదు, ఎక్స్‌రేలో ఎముక బాగుంది. వాపు, వేడి, ఎరుపు, చీము లేవు. కాబట్టి యాంటీబయాటిక్ రాయలేదు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 9.4, హిమోగ్లోబిన్ 10.2, ఆల్బుమిన్ 3.1, క్రియాటినిన్ 1.1.

ఇంకో రెండు పరీక్షలకు పరికరం అక్కర్లేదు. ఒకటి నమస్కారం. రెండు చేతులూ జోడించమంటే అతని అరచేతులు కలవలేదు, వేళ్ల మధ్య సందు మిగిలింది. రెండోది మోకాలు చాచి పాదాన్ని పైకి వంచడం. మామూలుగా పది డిగ్రీలైనా రావాలి, ఇతనికి సున్నా దగ్గరే ఆగింది.

నడుము, మోకాళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. ముంజేయి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి కనిపించింది. ఆ ప్రాంతంలో ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి పెరిగిన తరానికి ఇది కొత్త కాదు. ఇంటివాళ్ల మొదటి ప్రశ్న కూడా అదే: పుండు మానకపోవడం ఫ్లోరైడ్ వల్లేనా? కాదు. అయితే ఒక లింకు మాత్రం ఉంది. నడుము, మోకాలు వంగని మనిషి తన అరికాలు తాను చూసుకోలేడు. 14 వారాల్లో ఇతను తన పుండును ఒక్కసారి కూడా సూటిగా చూడలేదు.

కణం నడవాలంటే

రక్తం అందుతోంది, ఎముక శుభ్రంగా ఉంది, ఇన్ఫెక్షన్ లేదు. మరి చర్మం ఎందుకు మూసుకోవడం లేదు? చర్మపు పైపొర కణాలు, అంటే కెరాటినోసైట్లు, అంచులో దండిగానే ఉన్నాయి. ఆనె గట్టిగా పేరుకోవడమే అవి విభజన చెందుతున్నాయనడానికి సాక్ష్యం. పుట్టిన కణాలు ముందుకు కదలడం లేదు, అంచు దగ్గరే పోగుపడుతున్నాయి.

కణం ఈదదు, పాకుతుంది. పాకడానికి నేల కావాలి. గాయంలో ఆ నేల సంయోజక కణజాలపు ప్రోటీన్లే: డెర్మిస్‌లో, అంటే చర్మపు లోపలి పొరలో, ఒకటో రకం కొల్లాజెన్, మూడో రకం కొల్లాజెన్, కొత్త గాయంలో తాత్కాలికంగా పరుచుకునే ఫైబ్రిన్, ఫైబ్రోనెక్టిన్. కణం పైపొరలో ఉండే ఇంటెగ్రిన్లు దాని కాళ్లు. ఏ ఇంటెగ్రిన్ ఏ ప్రోటీన్‌ను పట్టుకుంటుందో వేరువేరు. ఆల్ఫా2బీటా1 కొల్లాజెన్‌ను పడుతుంది, ఆల్ఫా5బీటా1 ఫైబ్రోనెక్టిన్‌ను.

వరి నాటేవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మడిలో కాలు దిగబడకపోతే మనిషి నిలవడు. దిగబడ్డ కాలు పైకి రాకపోతే అడుగు పడదు. కణం నడక కూడా అంతే. పట్టు మరీ తక్కువైతే జారిపోతుంది, మరీ ఎక్కువైతే అతుక్కుపోతుంది. ఈ రెంటికీ మధ్యన పట్టు ఉన్నప్పుడే వేగం ఎక్కువ.

పట్టిన కాలు వదిలించుకోవడానికి కెరాటినోసైట్ ఒక కత్తెర తయారుచేస్తుంది: ఎంఎంపీ-1 అనే ఎంజైమ్. ముడి కొల్లాజెన్‌ను ఆల్ఫా2బీటా1తో తాకగానే ఆ కణంలో దీని తయారీ మొదలవుతుంది. 300 నానోమీటర్ల పొడవున్న కొల్లాజెన్ మూడు పేటల తాడును అది ఒకే చోట, మూడు వంతులు ఒకవైపు, ఒక వంతు ఒకవైపు పడేలా కోస్తుంది. కోసిన ముక్కలు ఒంటి వేడికే పేటలు విడిపోయి జెలటిన్‌లా అవుతాయి. జెలటిన్ మీద ఆ ఇంటెగ్రిన్‌కు పట్టు సడలుతుంది, కణం ముందుకు జరుగుతుంది, తర్వాతి కొల్లాజెన్‌ను తాకుతుంది. మళ్లీ కత్తెర. అంటే కొల్లాజెన్‌ను తాకితేనే నడక మొదలు.

ఇప్పుడు ఇతని పుండును చూడండి.

అడుగున ఉన్న పసుపు పొరలో ఎక్కువ భాగం ఫైబ్రిన్, చచ్చిన కణాలు. ఫైబ్రిన్‌ను పట్టుకునే ఆల్ఫావీబీటా3 ఇంటెగ్రిన్ కెరాటినోసైట్‌కు లేదు. అందుకే మామూలు గాయంలో చర్మం గాయం మీద కట్టిన పెచ్చు పైనుంచి కాకుండా దాని కింద, బతికిన డెర్మిస్‌ను ఒరుసుకుంటూ వస్తుంది. పసుపు పొరను శుభ్రత కోసమే తీస్తారనుకుంటే సగమే అర్థమైనట్టు. దాని మీద కెరాటినోసైట్‌కు అడుగు పెట్టే చోటే లేదు.

అంచు లోపలికి చుట్టుకుంది. అలా మడతపడిన చోట ముందు వరస కణాలకు ఎదురుగా కనిపించేది తమలాంటి కణాలు, తమ పొరే. ముడి కొల్లాజెన్ తగలదు కాబట్టి కత్తెరకు సంకేతం లేదు. కణం దృష్టిలో గాయం మూసుకుపోయినట్టే.

ఇక కత్తెరలు మరీ ఎక్కువైన సమస్య. నెలల తరబడి రేగుతున్న పుండులో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు చేరి ఎలాస్టేజ్, ఎంఎంపీ-8, ఎంఎంపీ-9 అనే కోసే ఎంజైములను కుమ్మరిస్తాయి. వాటిని ఆపే టింప్-1 తగ్గుతుంది. ఇవి ఫైబ్రోనెక్టిన్‌ను ముక్కలు చేస్తాయి. ఫైబ్రోబ్లాస్ట్ (కొల్లాజెన్ తయారుచేసే కణం) తను కూర్చున్న కొల్లాజెన్‌లోంచి లేచి గాయంలోకి దిగాలంటే ఫైబ్రోనెక్టిన్ వంతెన కావాలి. వంతెన తెగితే కొత్త కొల్లాజెన్ అల్లే మేస్త్రీ రాడు. మొదట చెప్పిన ఆ షీటు "ఒంట్ల కలిసిపోయింది" అంటే ఇదే: ఒక్క రాత్రిలో ఎంజైములు దాన్ని తినేశాయి. ఎంఎంపీ కొలిచే పరీక్ష జిల్లా స్థాయిలో లేదు. షీటు ఎన్ని రోజులు నిలిచిందో చూడటమే మాకున్న ముతక కొలమానం. ఒకటిన్నర రోజులోపు మాయమైతే పుండు ఇంకా షీటుకు సిద్ధంగా లేదు.

చివరిది చక్కెర. రక్తంలో గ్లూకోజ్ ఎక్కువగా ఉంటే మిథైల్‌గ్లయాక్సాల్ లాంటివి పుట్టి ప్రోటీన్లలోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లానికి అంటుకుంటాయి. ఫైబ్రోనెక్టిన్‌లో ఇంటెగ్రిన్ పట్టుకునే చోటు ఆర్‌జీడీ, కొల్లాజెన్‌లో జీఎఫ్‌ఓజీఈఆర్. ఈ పేర్లలో ఒక్కో అక్షరం ఒక్కో అమైనో ఆమ్లం; రెండింట్లోనూ 'ఆర్' అంటే ఆర్జినినే. పిడి మీదే తుప్పు పట్టినట్టన్నమాట. దానికి తోడు కొల్లాజెన్ తాళ్ల మధ్య అడ్డబంధాలు పడి బిర్రబిగుసుకుంటాయి, ఎంఎంపీలకు లొంగవు. నమస్కారంలో అరచేతులు కలవకపోవడం ఈ బిగుతువల్లే. మడమ వెనక అకిలిస్ టెండన్‌ది కూడా అదే కథ. పాదం పైకి వంగకపోతే నడిచేటప్పుడు మడమ త్వరగా లేస్తుంది, బరువు ఎక్కువగా బొటనవేలి మొదట్లో పడుతుంది. పుండు సరిగ్గా అక్కడే ఎందుకొచ్చిందో, వచ్చాక ఎందుకు మానలేదో, రెండు ప్రశ్నలకూ ఒకే ప్రోటీన్ జవాబు.

చర్మపు కొల్లాజెన్ సగం మారడానికి దాదాపు 15 ఏళ్లు పడుతుంది. కాబట్టి ఈరోజు షుగర్ దించితే పాత కొల్లాజెన్ బాగుపడదు. పుండు అడుగున కొత్తగా అల్లుకునే కొల్లాజెన్ మాత్రం మంచిదవుతుంది.

మొదటి నాలుగు వారాలు

జనవరి ఆఖరులో మొదలుపెట్టాం. స్కాల్పెల్‌తో ఆనె చెక్కాం, క్యూరెట్‌తో (గీకే చిన్న చెంచాలాంటి పరికరం) పసుపు పొర గీకాం. స్పర్శ లేని పాదం కాబట్టి మత్తు అవసరపడలేదు. సెలైన్‌తో కడగడం, అంటుకోని పలుచటి కట్టు, దాని మీద ఫోమ్. పెరాక్సైడ్, చిక్కటి అయోడిన్ పూర్తిగా మాన్పించాం. రెండూ క్రిములతోపాటు నడవాల్సిన కణాలనూ చంపుతాయి. పొడి గాజ్ పీకినప్పుడల్లా రాత్రి వచ్చిన పలుచటి కొత్త చర్మం దాంతోపాటే లేచొస్తుంది.

బరువు తప్పించడానికి టోటల్ కాంటాక్ట్ కాస్ట్, అంటే పాదానికి, పిక్కకు ఒంటికంటుకుని ఉండే పిండికట్టు. వేసే తీరు ముఖ్యం. రోగి బోర్లా పడుకుని మోకాలు 90 డిగ్రీలు వంచాలి. చీలమండ నిటారుగా ఉండాలి. ఇతని టెండన్ బిగుతు కాబట్టి ఒకరు పట్టుకుని ఉండాల్సొచ్చింది. వేళ్ల మధ్య దూది, చీలమండ గుబ్బల మీద, పిక్క ముందు ఎముక మీద ఫెల్ట్, వేళ్ల మీద ఫోమ్ టోపీ. దూది మందంగా చుడితే లోపల పాదం కదిలి కొత్త పుండు పడుతుంది. చాలామంది చేసే తప్పు ఇదే. మొదటి కట్టు 48 గంటల్లో విప్పి చూశాం, తర్వాత వారానికోసారి. రెండో కాలి చెప్పుకు సోలు ఎత్తు పెంచాం, లేకపోతే నడుము పడుతుంది. చీము, ఎముక ఇన్ఫెక్షన్, రక్తం అందకపోవడం ఉంటే ఈ కట్టు వేయకూడదు.

రాత్రిపూట ఇన్సులిన్ మొదలైంది. తిండి గురించి అడిగితే పొద్దున జొన్న రొట్టె, రెండు పూటలా అన్నం, పచ్చిపులుసు, కారం. గుడ్డు వారానికి రెండు. పండ్లన్నీ షుగర్ అని మానేశాడు. బత్తాయి తోట ఉన్న ఇంట్లో నెలల తరబడి ఒక్క బత్తాయి తినలేదు. కొల్లాజెన్ అల్లికలో ప్రోలిన్‌ను హైడ్రాక్సీప్రోలిన్‌గా మార్చే ఎంజైముకు విటమిన్ సి కావాలి. అది లేకపోతే మూడు పేటల తాడు ఒంటి వేడికి నిలవదు. రోజుకు రెండు గుడ్లు, గట్టి పప్పు, పెరుగు, ఒక జామకాయ లేదా ఒక బత్తాయి ఒలిచి తొనలుగా తినమన్నాం. రసం పిండవద్దన్నాం. జామలో బత్తాయికంటే విటమిన్ సి చాలా ఎక్కువ. దాంతోపాటు 500 మి.గ్రా. మాత్ర రోజుకొకటి, ఎనిమిది వారాలు. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లకైతే ఈ మాత్ర ఇవ్వం.

నాలుగో వారం కొలిస్తే 2.9 × 2.3, అంటే 6.7. తగ్గింది 20 శాతమే. నాలుగు వారాల్లో సగమన్నా తగ్గని షుగర్ పుండు 12 వారాల్లో మూసుకునే అవకాశం తక్కువ. ఇది పాత లెక్క, ఇప్పటికీ పనికొస్తుంది. అడుగు ఎర్రబడింది, పసుపు పొర దాదాపు పోయింది, మేకు తలల్లాంటి కండ చుక్కలు కనిపిస్తున్నాయి. అంటే ఫైబ్రోబ్లాస్టులు దిగాయి. అంచు మాత్రం అంగుళం కదలలేదు.

తప్పు ఎక్కడంటే, మొదటి రోజు ఆనె చెక్కాం గానీ చుట్టుకున్న అంచును, కింద బోలును వదిలేశాం. పుండు పెద్దదవుతుందన్న జంకు. నేల బాగుచేసి గేటు మూసి ఉంచినట్టయింది.

అంచు కోసిన తర్వాత

నాలుగో వారం చివర బోలు మీదున్న కప్పు మొత్తం తీసేశాం. చుట్టూ 2 నుంచి 3 మి.మీ. అంచును వాలుగా, రక్తం చుక్కలు కనిపించేదాకా కోశాం. నిలువుగా కోస్తే మెట్టు మిగిలి అంచు మళ్లీ చుట్టుకుంటుంది. పది నిమిషాల ఒత్తిడితో రక్తం ఆగింది. పుండు 3.3 × 2.7, అంటే 8.9 అయింది. వచ్చిన రోజుకంటే పెద్దది. ఇంటివాళ్లకు ముందే చెప్పి, ఫొటో చూపించి చేశాం. లేకపోతే మర్నాడే వేరే చోటికి వెళ్లిపోయేవాళ్లు, అందులో వాళ్ల తప్పేమీ ఉండదు.

కొల్లాజెన్ షీటు ఇప్పుడు వాడాం. పరిమాణం పుండుకు సరిపడా కత్తిరించాలి, అంచు చర్మం మీదికి రాకూడదు. సెలైన్‌లో తడపాలి, అడుగుకు పూర్తిగా ఆనాలి, కింద గాలి బుడగ ఉండకూడదు. మీద ఫోమ్, దాని మీద పిండికట్టు. ఈ షీటు చర్మంగా మారదు. ఎంజైములకు అది ఎర, అవి దాన్ని తింటుంటే కింద కొత్త ఫైబ్రోనెక్టిన్ మిగులుతుంది. మొదటి షీటు ఐదో రోజు విప్పినప్పుడు ముక్కలుగా ఇంకా ఉంది. అది మంచి గుర్తు. మొత్తం మూడు షీట్లు పడ్డాయి, తర్వాత అవసరం లేకపోయింది. పసుపు పొర మీద అదే షీటు వేస్తే డబ్బు మురుగులో పోసినట్టే. బజారులో జరుగుతున్నది ఎక్కువగా అదే.

ప్రతి వారం ఆనె చెక్కడం, అంచు చుట్టుకుందేమో ప్రోబ్‌తో తాకి చూడటం తప్పనిసరి చేశాం. ఆరో వారానికి అంచు నుంచి పలుచటి, ముత్యపు రంగు పొర లోపలికి జారడం కనిపించింది. ఎనిమిదో వారం 2.4 × 1.8, అంటే 4.3. కోసిన రోజు నుంచి నాలుగు వారాల్లో సగానికి పైగా తగ్గింది.

మధ్యలో ఒక దెబ్బ తగిలింది. తొమ్మిదో వారం ఇంట్లో పెళ్లి అని కట్టు తీసి, విప్పుకునే బూటు ఇమ్మని పట్టుబట్టాడు. ఇచ్చాం. పదో వారం ఆనె మళ్లీ పేరుకుంది, కొత్త పొర కింద రక్తం గూడుకట్టింది. బయటికి వెళ్లేటప్పుడు బూటు వేసుకున్నాడు, ఇంట్లో విప్పేశాడు. "ఇంట్ల నాలుగడుగులే గద సార్" అన్నాడు. పాలు పిండటం, నీళ్లు పెట్టడం, దొడ్డికి పోవడం, అన్నీ ఆ నాలుగడుగుల్లోనే. పలుచటి కొత్త పొర డెర్మిస్‌కు ఇంకా బలంగా అతుక్కోలేదు. నాలుగో రకం కొల్లాజెన్, లామినిన్-332 ఉన్న ఆధార పొర, కణాలు ముందుకు దాటిన తర్వాతే, వెనకనుంచి గట్టిపడుతుంది. ఈలోగా ఒరిపిడి తగిలితే పొర జారిపోతుంది. మళ్లీ పిండికట్టు వేశాం.

ఏప్రిల్ ఎండలకు కట్టు లోపల చెమటకు చర్మం నానిపోసాగింది. వారానికి బదులు ఐదు రోజులకే మార్చడం, చుట్టూ చర్మానికి జింక్ పేస్టు పూయడంతో సర్దుకుంది. పన్నెండో వారం 1.1 × 0.8, అంటే 0.9. పదహారో వారం పూర్తిగా మూసుకుంది. రెండు వారాలు ఆగి, తడి, చీలిక లేవని చూసుకున్నాకే మానిందని రాశాం. హెచ్‌బీఏ1సీ అప్పటికి 7.6.

మూసుకున్నాక

మూసుకున్న చర్మం బలమైన చర్మం కాదు. మూడో రకం కొల్లాజెన్ స్థానంలో ఒకటో రకం వస్తూ, తాళ్లు లాగుడు పడే దిక్కుకు సర్దుకోవడానికి నెలలు పడుతుంది. ఎప్పటికైనా మామూలు చర్మం బలంలో సుమారు 80 శాతమే. అందుకే కట్టు తీసిన మొదటి వారం ఇంట్లోనే నడక, తర్వాత వారం వారం కొంచెం పెంచడం.

చెప్పులు ఎంసీఆర్ (సన్నటి గాలి గదులున్న మెత్తటి) రబ్బరువి, షోర్ 15 మెత్తదనం, మడమ వెనక పట్టీతో. పట్టీ లేకపోతే స్పర్శ లేని కాలినుంచి చెప్పు జారిపోయినా తెలియదు. గట్టి అడుగు సోలు వేయించాం, ముల్లు దిగకుండా. ఇంట్లోకి మరో జత. అరికాలు చూడటానికి మంచం కింద అద్దం, చూసేది భార్య. అకిలిస్ టెండన్‌ను సాగదీసే చిన్న ఆపరేషన్ గురించి చెప్పాం. అదే చోట మళ్లీ పుండు పడితే చేయించుకుంటానన్నాడు. అది ముందే చేయించుకుంటే మేలని మా అభిప్రాయం, కానీ పత్తి విత్తే కాలం దగ్గరపడుతోందన్నాడు.

ఆరు నెలల చూపులో మచ్చ చదునుగా, కదిలేలా ఉంది. రెండో వేలి మొదట్లో మాత్రం కొత్త ఆనె, 8 మి.మీ. చెక్కాం, కింద రక్తపు మచ్చ లేదు. చెప్పు లోపలి ఎంసీఆర్ సరిగ్గా అక్కడే నొక్కుకుపోయి సగం మందానికి వచ్చింది. కొత్త ఇన్‌సోల్ వేయించి, మూడు వారాలకు రమ్మన్నాం.